ఒక్క మనిషి పట్టే బండి

ఫోను తియ్యని నా కొడుక్కి,

మీ అమ్మ చెప్పి రాయిస్తున్న ఉత్తరం. గిడ్డంగిలో పని ఎక్కువుందని నెల రోజులుగా అక్కడే పడుకుంటున్నావు. ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోతుంది. కాగితం అలా కాదు. నీ బండి పనికి పిలిచిన వడ్రంగి దీన్ని తెచ్చి నీ చేతిలో పెట్టి, నువ్వు చదివేదాకా అక్కణ్ణుంచి కదలనని నాకు మాటిచ్చాడు. నాకు అక్షరం ముక్క రాదు కాబట్టి రాస్తున్నది నీ పెళ్ళాం. "అత్తయ్యా, తిట్లు కూడా రాయాలా?" అని అడుగుతోంది. రాయమ్మా, అన్నీ రాయి. ఒక్కటి తగ్గినా ఊరుకోను.

మీ చిట్టిది జ్వరంతో పోయిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లో మీరిద్దరూ రెండు గోడల్లా ఉన్నారు. నువ్వు తిని లేచాక అది తినేది. అది పడుకున్నాక నువ్వు ఇల్లు చేరేవాడివి, ఇప్పుడదీ లేదు. పిల్ల మాట నేనెత్తితే ఒకరు వంటింట్లోకి, ఒకరు వీధిలోకి. నేను గోడ గడియారంతో మాట్లాడుకుంటున్నాను. అలాంటిది, ఒకరోజు నువ్వు పొయ్యి దగ్గరికొచ్చి, చిన్న వ్యాను కొంటానన్నావు. సీట్లు పీకించి, పక్క వేయించి, ఏ చెరువుగట్టునో కొండ మలుపులోనో ఆపుకుని, వండుకు తిని, అందులోనే పడుకోవడమట. దాన్ని క్యాంపింగ్ అంటారట. తెలివితక్కువదాన్ని, ఎంత సంబరపడ్డానో. ఎక్కడికో పోయి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని ఏడుస్తారు, ఏడిస్తే బతుకుతారు అనుకున్నాను. నీ పెళ్ళాం కుట్టుమిషను ముందు కూర్చుని కిటికీలకి తెరలు కుట్టడం మొదలుపెట్టింది. ఏడాదిలో ఆ మిషను చప్పుడు నేను వినడం అదే మొదలు.

బండ్లు చూడ్డానికి నన్నెందుకు తీసుకెళ్ళావో నీకే తెలియాలి. నీకు మీసాలొచ్చేదాకా కూరగాయల బండి తోసినదాన్ని కదా, ఏమీ గమనించననుకున్నావా? మొదట చూసింది పొడుగాటి తెల్ల వ్యాను. లోపల నిటారుగా నిలబడొచ్చు, ఇద్దరు హాయిగా పొర్లొచ్చు. ఎత్తు ఎక్కువ, గాలికి ఊగుతుంది అన్నావు. రెండోది బడిపిల్లల్ని తిప్పిన వ్యాను. ఒక సీటు వెనకాల ఏ పిల్లో గోటితో సూర్యుణ్ణి గీకింది. అది చూసి నువ్వు దిగిపోయావు. నేనూ దిగిపోయాను. దానికి నేను నిన్నేమీ అనను.

మూడోదే ఆ చిన్నది. "ఏడుగురు కూర్చోవచ్చు పెద్దమ్మా, కుటుంబానికి సరిగ్గా కుదిరే బండి," అన్నాడు పాత బండ్లమ్మే బట్టతల షెడ్డాయన. నువ్వేమో వెనక సీట్లన్నీ తీసెయ్యమన్నావు. వడ్రంగిని పిలిచి ఎడమ గోడకి పడుకునే పలక ఒకటి అన్నావు. మిగతాదంతా పొయ్యికీ, నీళ్ళ డబ్బాకీ, పుస్తకాలకీ. షెడ్డులో నేల మీద ఆ పలక కొలత సుద్దతో గీశారు. మీరు టీ తాగడానికి వెళ్ళినప్పుడు నేను ఆ గీతల మధ్య పడుకుని చూశాను. ఎండిన బెండకాయలా ఉంటాను, నా మోచెయ్యే గీత దాటింది. ఒరేయ్, అది ఇద్దరి పక్క కాదు. నువ్వు ఒక్కడివే పోతున్నావు. ఇది రాస్తున్న ఈ పిల్లకి చెప్పకుండా పోతున్నావు. ఆదివారం షెడ్డాయనకి మాట ఇచ్చేస్తానన్నావు. అందుకే ఈ ఉత్తరం. అందుకే దీని చేతే రాయిస్తున్నాను. దాని మొహం చూస్తూ చెప్పలేక, దాని చేతికే చెబుతున్నాను.

కలం ఆగింది. రాయవే అన్నాను.

"నాకు తెలుసు అత్తయ్యా," అంది.

"ఏం తెలుసు నీకు?"

"పరుపుకి గలీబు కుట్టమని కొలతలిచ్చారు. ఆ కొలతకి ఒక దిండే పడుతుంది."

"తెలిసీ కుడుతున్నావా? నీకేమైనా మతి పోయిందా?"

"ఈ ఇంట్లో ఆయనకి ఊపిరాడట్లేదు. వెళ్ళనివ్వండి. ఇక్కడుంటే ఆయన కూడా మిగలరు."

ఆ మాటలు కూడా రాయించాను. రాసింది. ఈసారి కలం ఆగలేదు, అదే నాకు భయంగా ఉంది. చెప్పకుండా పోదామని నువ్వు, తెలిసీ పొమ్మని ఇది. మధ్యలో నేనొక్కదాన్నే పోట్లాడుతున్నాను. ఎవరితోరా? ఎవరి తరఫున?

పొడుగు బండి తీసుకో అని చెబుదామని మొదలుపెట్టాను. ఇప్పుడు చెప్పను. నీ ఇష్టమొచ్చింది కొనుక్కో. కానీ షెడ్డు నుంచి అటే జారుకోకు. ఈ గుమ్మంలో నిలబడి, పోతున్నానని దానితో నీ నోటితో చెప్పు. అంతకన్నా నిన్ను ఏమీ అడగను.

నిన్ను తిట్టీ తిట్టీ గొంతు పోయిన
మీ అమ్మ, వేలిముద్ర వేసి

*

దారిలో ఉన్న నా తండ్రికి,

ఎక్కడ ఆగినా పోస్టాఫీసులో అడుగుతానన్నావు కాబట్టి రాయిస్తున్నాను. రాస్తున్నది మళ్ళీ అదే.

వచ్చావు. గుమ్మంలో నిలబడి "నేనొక్కణ్ణే వెళ్తున్నాను" అన్నావు. "కుట్టింది నేనే కదా, తెలియకుండా ఉంటుందా?" అంటూ ఇది, మడతపెట్టిన గలీబు నీ చేతిలో పెట్టింది. ఇద్దరూ ఎంత మర్యాదగా ఉన్నారో! అంతకన్నా ఒకరి జుట్టు ఒకరు పట్టుకున్నా నాకు హాయిగా ఉండేది.

నువ్వెళ్ళి బండిలో కూర్చున్నావు. కానీ తాళం తిప్పలేదు. చూసి చూసి ఇదే వెళ్ళి, అటువైపు తలుపు తీసుకుని నీ పక్కన కూర్చుంది. ఒంటిమీద దారప్పోగులు అలాగే ఉన్నాయి. నేను కిటికీలోంచి చూస్తున్నాను. అద్దాలు పైకి ఉన్నాయి, మాటలు వినబడలేదు. తర్వాత నువ్వు గాల్లో అరచెయ్యి పెట్టి ఇంత ఎత్తు అని చూపించావు. ఇది తల అడ్డంగా ఊపి, నీ చెయ్యి పట్టుకుని ఇంకాస్త పైకి జరిపింది. ఆ ఎత్తు ఎవరిదో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది, రెండు చేతులూ. ఇంక నేను చూడలేక లోపలికొచ్చేశాను.

తర్వాత ఇది దిగింది, నువ్వు వెళ్ళిపోయావు. నేను కట్టిచ్చిన భోజనం బల్ల మీదే మర్చిపోయావు. ఇల్లు ఇప్పుడు ఇంకా పెద్దదయింది. రెండు గోడల్లో ఒకటి లేదు. నువ్వు తిరిగొస్తావో రావో నాకు తెలియదు, అడగను కూడా. మూడు బండ్లూ ఎక్కి దిగానే, పలకలూ మోచేతులూ చూసుకున్నానే గానీ, ముందు రెండు సీట్లున్నాయని ఒక్కసారైనా చూడలేదు.

కింద తను ఏదో రాసుకుంటానంటోంది. నాకు చదివి వినిపించదట. నాకేం, నేను అడగను. అబద్ధం, తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకుంటోంది.

వేళకి తిను.
మీ అమ్మ, వేలిముద్ర వేసి

ముందు సీట్లో సామాను పెట్టకండి.