పాత నింజాకి కొత్త చొక్కా

2023 జూన్ 4, ఆదివారం

లస్మి ఫోన్ చేసింది. ఆగస్టు అయిదున వస్తోందట. రెండు వారాలు ఉంటుంది. హాంకాంగ్‌లో మూడో కాంట్రాక్టు అయిపోతోంది, నాలుగోది ఏజెన్సీ వాళ్ళు సిద్ధంగా పెట్టారట. సంతకం పెట్టేదీ లేనిదీ ఇంటికి వచ్చి చూసి చెప్తాను అంది.

వచ్చి చూసి ఏమిటి? ఏం చూస్తుంది? నన్నా, ఇంటినా? అడగడానికి ధైర్యం చాలలేదు. నాలుగోదానికి సంతకం పెడితే ఇక నా దగ్గరికి రాదు. ఈ పోనొరోగో చుట్టుపక్కల అలా వెళ్ళి ఉండిపోయిన ఆడవాళ్ళ మొగుళ్ళని చాలామందిని చూశాను. టీ కొట్టు బల్ల మీద పొద్దున్న కూర్చుంటే సాయంత్రానికి లేస్తారు.

ఇంకొకటి. ఈసారి మా వైపు ఆడవాళ్ళు మొగుణ్ణి పిలిచినట్టు మస్ అని పిలవలేదు. పెళ్ళయిన పదిహేనేళ్ళలో మొదటిసారి వర్సోనో అని పేరు పెట్టి పిలిచింది. తొందరలో అని ఉంటుందిలే అనుకున్నాను. తొందరలో మొగుణ్ణి పేరు పెట్టి పిలిచే ఆడది మా ఊళ్ళో లేదు.

జూన్ 6

ఏం చెయ్యాలో తెలిసింది. బండి.

షెడ్డులో 2003 నింజా ఉంది. టూ-స్ట్రోక్, నూటయాభై సీసీ. పెళ్ళికి ముందు లస్మిని ఎక్కించుకుని ఙెబెల్ చెరువుకి తీసుకెళ్ళింది దీని మీదే. ఇప్పుడు దాన్ని చూస్తే ముసలిగుర్రంలా ఉంది. నాకు సిగ్గేసింది. ఇరవై ఏళ్ళుగా ఊరందరి పాత బండ్లకీ కొత్త మోడళ్ళ ఫైబర్ బాడీలు, మా భాషలో చొక్కాలు, తొడిగేది నేను. నా బండిని మాత్రం దుమ్ములో వదిలేశాను.

నిరుడు లస్మి ఒక ఫోటో పంపింది. హాంకాంగ్‌లో ఎక్కడో ఎర్రటి కొత్త బండి, నాలుగు సిలిండర్లది, దాని పక్కన తను. నచ్చింది కాబట్టే కదా పంపింది. ఆ బాడీయే తొడుగుతాను. అదే ఎరుపు. స్టేషన్లో దిగేసరికి ఎదురుగా ఉండాలి.

జూన్ 9

జుమెనో వచ్చాడు. పక్క వీధిలో వెల్డింగ్ చేస్తాడు, నాతో చిన్నప్పటి నుంచీ ఉన్నవాడు. విషయం చెప్తే పగలబడి నవ్వాడు. పెళ్ళాం అక్కడ ముసలాళ్ళ ఒళ్ళు కడుగుతుంటే మొగుడు ఇక్కడ బండి ఒళ్ళు కడుగుతున్నాడని ఊరంతా అంటోందిరా, ఇంక నీ చొక్కా పని చూస్తే పండగ చేసుకుంటారు అన్నాడు.

ఒళ్ళు మండింది. ఇది నా కోసం కాదురా, ఆవిడ కోసం అన్నాను. వాడు నవ్వడం ఆపేసి సరే, చేద్దాం పద అన్నాడు.

జూన్ 18

ఫ్రేమ్ కోశాం.

పాత బండి తోక కిందికి ఉంటుంది, సీటు ఒకే పలక, ఇద్దరు హాయిగా కూర్చోవచ్చు. కొత్త బాడీ తోక ఆకాశంలోకి లేస్తుంది. వెనక పైపులు కోసి, పైకి ఎత్తి, కొత్తవి అతకాలి. ఇది లేకుండా ఏ చొక్కా పట్టదు. సుద్దముక్కతో గీత నేనే గీశాను. జుమెనో గ్రైండర్ పట్టుకుని రెండుసార్లు అడిగాడు. కోసెయ్యమంటావా? ఒకసారి కోశాక మళ్ళీ అతికినా అది అతుకే అవుతుంది అన్నాడు. కొయ్యరా అన్నాను.

నిప్పురవ్వలు కాళ్ళ దాకా వచ్చాయి. తెగిన ముక్క కింద పడితే చిన్నగా మోగింది, అంతే.

కొత్త సీటు పెట్టి చూశాం. వెనకది అరచేయంత, నా ఛాతీ ఎత్తులో. వెనక ఎవర్నీ ఎక్కించుకోవా అని అడిగాడు జుమెనో. ఎందుకెక్కించుకోను, ఆవిణ్ణే అన్నాను. వాడు సీటు వైపు చూశాడు, నా వైపు చూశాడు, సిగరెట్ వెలిగించుకున్నాడు.

జూన్ 20

పాత సీటు, పాత తోక, తెగిన పైపులు పాత సామాన్లవాడికి వేసేశాను. షెడ్డు ఖాళీ అయింది.

జూన్ 25, ఆదివారం

ఫోన్ రాలేదు.

జులై 2, ఆదివారం

నాలుగు నిమిషాలు మాట్లాడింది. తను చూసుకునే ముసలావిడ, మెట్లు, ఆసుపత్రి, ఏవో చెప్పింది. నిజం రాసుకుంటున్నాను, సగం వినలేదు. హెడ్‌లైట్ బ్రాకెట్ మెడ దగ్గర తగులుతోంది, హ్యాండిల్ తిప్పితే ముందు తొడుగుకి, ఆ ఫెయిరింగ్‌కి, గుద్దుకుంటోంది, నా మనసంతా అక్కడే ఉంది. వింటున్నావా అంది. వింటున్నాను అన్నాను. సరేలే అని పెట్టేసింది.

జులై 11

ఫైబర్ దుమ్ము మెడలో, మోచేతుల్లో, కనురెప్పల్లో. ఎన్నిసార్లు స్నానం చేసినా దురద పోదు. ట్యాంక్ మీద తొడిగే ఫైబర్ కవర్‌కి మా వర్క్‌షాపుల్లో ఒక బూతు పేరుంది, డైరీలో కూడా రాయలేను, జుమెనో మాత్రం వీధంతా వినిపించేలా అరుస్తాడు. అది కూడా సరిపోయింది. రేడియేటర్‌కి గాలి ఆడటం లేదు, ఫెయిరింగ్‌లో రెండు చీలికలు కోశాను. పుట్టీ పెట్టాను, రుద్దాను, మళ్ళీ పెట్టాను. వేలితో రాసి చూస్తే ఎక్కడా గరుకు లేదు. పని మటుకు బాగా వచ్చింది. ఇంత బాగా ఎవరికీ చెయ్యలేదు.

సాయంత్రం చేతులు కడుక్కుంటుంటే ఉన్నట్టుండి భయమేసింది. ఆవిడ రాదేమో అని కాదు. వస్తుంది, చూస్తుంది, ఏమీ అనదేమో అని. నిలబడే అన్నం తిన్నాను. రుచి తెలియలేదు.

జులై 30, ఆదివారం

ఎరుపు ఆరింది. వీధిలో వాళ్ళంతా వచ్చి చూశారు. కొత్తది కొన్నావా అని అడిగారు. లస్మి ఫోన్ చేస్తే బండి సంగతి చెప్పలేదు. నీకొకటి చూపిస్తాను అని మాత్రం అన్నాను. ఏమిటి అని అడగలేదు.

ఆగస్టు 5, శనివారం, సాయంత్రం 5

ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మదియున్ స్టేషన్. పదకొండింటి రైల్లో దిగింది. చిక్కిపోయింది. నడుస్తుంటే కుడికాలు కొంచెం ఆలస్యంగా వస్తోంది. ప్రయాణంలో పట్టేసి ఉంటుంది అనుకున్నాను. పెట్టెలు తీసుకెళ్ళడానికి వాళ్ళక్క పార్మి మొగుడు కారు తెచ్చాడు. సామాను కార్లో పెట్టించి, లస్మి నాతో వస్తుందిలెండి అని పంపేశాను. నేనే పంపేశాను.

బయట బండి దగ్గరికి తీసుకెళ్ళాను. ఎవరిది అంది. మనదే, నీ కోసమే చేశాను అన్నాను. చుట్టూ తిరిగి చూసింది. మరి మన నింజా ఏదీ అంది. ఇదే, లోపల అదే ఉంది అన్నాను. అప్పుడు నవ్వింది. ఎంతో కాలానికి ఆ నవ్వు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

ఎక్కు అన్నాను. నేను ఎక్కి స్టార్ట్ చేశాను. నా భుజం పట్టుకుని కాలెత్తింది. అందలేదు. రెండోవైపు నుంచి ప్రయత్నించింది. నా చొక్కా గుప్పిట్లో బిగించి పట్టుకుంది, ఊపిరి బిగబట్టడం వినపడింది. తిరిగి చూస్తే మొహం తెల్లబడి ఉంది, పై పెదవి మీద చెమట. స్టేషన్ ముందు జనం చూస్తున్నారు. కిరాయి బండి నడిపే ముసలాయన ఒకడు, దిగమ్మా తల్లీ, అది మేకలెక్కే బండి, మనుషులెక్కేది కాదు, ఇలా రా అని అరిచాడు. అందరూ నవ్వారు.

లస్మి నా భుజం వదిలేసింది. నా కోసం చేశానన్నావు కదా, నేనెక్కడ కూర్చోవాలి అంది. కోపంగా అనలేదు. దారి అడిగినట్టు అడిగింది.

ఆ ముసలాయన స్కూటర్ మీద పక్కకి తిరిగి కూర్చుని వెళ్ళింది. నేను వెనకాలే ముప్పై కిలోమీటర్లు. ఆయన మెల్లగా పోతాడు, నా ఇంజిన్ వేడెక్కిపోతోంది, దాటి పోలేను. దారి పొడుగునా ఆగస్టు పదిహేడు స్వాతంత్ర్య దినానికి జెండాలు కడుతున్నారు. ఒక్కసారి లస్మి వెనక్కి తిరిగి, నువ్వు ముందు పో అన్నట్టు చెయ్యి ఊపింది. పోలేదు.

ఆగస్టు 6, పొద్దున

కాలికేమైంది అని అడిగాను. చెప్పాను కదా అంది. లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఎప్పుడు చెప్పింది?

ఆగస్టు 6, మధ్యాహ్నం 3

ఫోన్లో పాత మెసేజ్‌లన్నీ వెతికాను. నిరుడు అక్టోబరు దాకా వెళ్ళాను.

ఆ ఫోటో. ఎర్ర బండి. పెద్దది చేసి చూశాను. బండి వెనక అద్దాల తలుపు, తలుపు దగ్గర చక్రాల కుర్చీలు. అది ఆసుపత్రి గుమ్మం. లస్మి బండి పక్కన నిలబడలేదు, గోడకి ఆనుకుని ఉంది. ఫోటో కింద వాయిస్ మెసేజ్ ఉంది. అది నేను ఎప్పుడూ నొక్కలేదు. ఇవాళ నొక్కాను.

మస్, రెండు గంటల నుంచి ఇక్కడే ఉన్నాను. ముసలావిణ్ణి ఎత్తి ఎత్తి తుంటి దగ్గర అరిగిపోయిందంటున్నారు, ఇంకా ఏవో పరీక్షలు చెయ్యాలట. నాకు భాష కూడా సరిగా అర్థం కావట్లేదు, భయంగా ఉంది. ఇదిగో చూడు, పక్కన ఎంత పెద్ద బండి ఆగిందో, నువ్వుంటే వదిలేవాడివి కాదు. ఒకసారి ఫోన్ చెయ్యి మస్.

దాని కింద నా జవాబు ఉంది. ఏ మోడల్?

అంతే. ఇంకేమీ లేదు. మర్నాడూ లేదు, ఆ మర్నాడూ లేదు.

షెడ్డులోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. నలభై మూడేళ్ళవాణ్ణి, నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చాను.

ఆగస్టు 8

పాతది మళ్ళీ పెట్టెయ్యమని జుమెనో కాళ్ళ మీద పడినంత పని చేశాను. పైపులు దించి అతుకుతాను, సీటేదిరా అన్నాడు. పాత సామాన్లవాడి దగ్గరికి పరుగెత్తాను. రేకులు, గొలుసులు, సైకిల్ రిమ్ములు అన్నీ తిరగేశాను. సీటు సురబయ వెళ్ళే లారీలో జులైలోనే పోయిందన్నాడు. వేరే మోడల్ సీటు తెచ్చి పెడితే బోల్టులు కలవలేదు.

ఇంటికొచ్చేసరికి లస్మి లేదు. వాళ్ళక్క ఇంట్లో ఉంటాను, అక్కడ మెట్లు లేవు అని చీటీ పెట్టి వెళ్ళింది. మా గుమ్మానికి మూడు మెట్లున్నాయి. ఇరవై ఏళ్ళలో నేనెప్పుడూ లెక్కపెట్టలేదు.

ఆగస్టు 13, ఆదివారం

పార్మి ఇంటికి వెళ్ళాను. లస్మి నాకు కాఫీ మూత పెట్టిన గ్లాసులో, సాసర్ వేసి ఇచ్చింది, ఊరినుంచి వచ్చిన చుట్టానికి ఇచ్చినట్టు. మూత తియ్యడానికి చెయ్యి రాలేదు.

ఆ మెసేజ్ ఇప్పుడు విన్నానని చెప్పాను. తప్పయిందన్నాను. సీటు ఎలాగైనా మార్పిస్తాను అన్నాను. సీటు మారిస్తే ఎక్కేస్తాననుకుంటున్నావా అంది.

తర్వాత నెమ్మదిగా చెప్పింది. శుక్రవారమే ఏజెన్సీకి ఫోన్ చేసి సరేనందట. తుంటికి వైద్యం అక్కడే మొదలుపెట్టారు, ముసలావిడ కొడుకు చూపిస్తున్నాడు. బరువు ఎత్తడానికి ఇంకో మనిషిని పెట్టారు. ఆ ముసలావిడకి నా పేరు కూడా సరిగా పలకడం రాదు, అయినా రోజూ పొద్దున లేవగానే కాలెలా ఉంది అని అడుగుతుంది అంది. నువ్వు చెడ్డవాడివి అని నేను అనడంలేదు వర్సోనో, నాకు ఓపిక అయిపోయింది అంది.

వరండాలో కూర్చున్న పార్మి లోపలికి వచ్చి, కాఫీ చల్లారిపోతోంది మరిదీ, తాగండి అంది. నేను పోవాలని ఆవిడ ఉద్దేశం. తాగి వచ్చేశాను. కాలెలా ఉంది అని అడగడం అప్పుడు కూడా మర్చిపోయాను.

ఆగస్టు 19

వెళ్ళిపోయింది. కార్లో. స్టేషన్‌కి నన్ను రమ్మనలేదు.

ఆగస్టు 27, ఆదివారం

బండి మీద జుమెనోని ముందు కూర్చోబెట్టి, ఆ వెనక సీటు నేనెక్కాను. వీధి దాటి మెయిన్ రోడ్డు దాకా వెళ్ళాం. కాళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. పట్టుకోవడానికి ఏమీ లేదు. ఆపమని అరిచాను. వాడికి వినపడలేదు.