లైబ్రరీ ముందు మిరపకాయలు

జయరావూ, నువ్వన్నట్టు నీ కూతురు యూనివర్సిటీలో మిరపకాయలు పాడుచెయ్యడం లేదు. పాడుచేసింది నేను. ఫోనయితే సగంలో పెట్టేస్తావని కార్డు రాస్తున్నాను.

నిన్న మహిమను చూడ్డానికి వెళ్తే, లైబ్రరీ ముందు గచ్చు మీద కాయలు పరిచి ఉన్నాయి. మబ్బు పట్టింది. తోటపని చేసే సుబ్బరావమ్మను కేకేసి, ఇద్దరం కుప్పచేసి పట్టా కప్పేశాం. మహిమ పరుగెత్తుకొచ్చి, “నానమ్మా, అవి ఆరబోసినవి కాదు, నా బొమ్మ” అంది.

“బొమ్మయితే తడవదా?” అన్నాను. వాన మాత్రం చుక్క పడలేదు.

తర్వాత, మేం కుప్పచెయ్యకముందు మేడమీంచి తీసిన ఫోటో చూపించింది. మోకాలు పైకి పెట్టుకుని తాలుకాయలు ఏరుతున్న ఆడమనిషి. మన రెబ్కానేరా. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో దాన్ని నువ్వంత శ్రద్ధగా ఎప్పుడైనా చూశావా?

పిల్ల నన్నొక్క మాట అనలేదు. మార్కులు వెయ్యడానికి మాస్టార్లు వచ్చే సోమవారం వస్తారు. మళ్లీ పరుస్తున్నాం కానీ, మా కాళ్ల కింద నలిగినవి పోగా, బొమ్మ చీరకుచ్చెళ్లకు కాయలు చాలడం లేదు.

రెబ్కాకు నా దీవెనలు, నీక్కూడా. ప్రభువు మిమ్మల్ని చల్లగా చూడాలి. శనివారం మొదటి బస్సుకు తాలు లేని కాయలు ఒక బస్తా తీసుకురా. ఎవరితోనూ పంపకు, నువ్వే మోసుకురా.

మీ అమ్మ