థిన్నర్‌తో కడిగిన చేతులు

గురువారం, రాత్రి

పెన్ను పట్టుకుంటే వేళ్ల పగుళ్లు విచ్చుకుంటున్నాయి. ఇవాళ భువనగిరిలో చర్మం డాక్టరుకు చూపించాను.

"రెజిన్ నీకు పడ్తలేదు. ఇగ జన్మల పడదు. ఆ పని మానితెనే చేతులు మానుతయి," అన్నాడు. చేతులు దేంతో కడుగుతావని అడిగాడు. థిన్నర్‌తో అన్నాను. ఫైబర్ ట్యాంకులు చేసే మా షెడ్డులో అందరం అంతే, సబ్బుకు ఆ రెజిన్ జిగురు వదలదు. డాక్టరు తల పట్టుకున్నాడు. ఆరేళ్లుగా నా తోలు నేనే ఒలుచుకున్నాను.

ఇంటికొచ్చి చెప్పాను. మగ్గం వదిలి షెడ్డుకు పోయినప్పుడు నెల రోజులు నాతో మాట్లాడని బాపు, ఇవాళ మొహం వెలిగించుకున్నాడు.

"ఫికర్ జెయ్యకు బిడ్డా, మగ్గం ఉన్నది గద. రేపటి సంది కూసో."

రేపటిదాకా ఎందుకని అప్పుడే మగ్గం గుంటలోకి దిగాను. పట్టు పోగుల మీద చెయ్యి పెట్టగానే అవి అరచేతి పొలుసులకు చిక్కుకున్నాయి. చెయ్యి వెనక్కి తీస్తే మూడు తెగాయి.

"చేతులు మానినంక కూసుందువుతీ," అన్నాడు బాపు, తెగిన పోగులు ముడేస్తూ.

మానేదాకా ఇంట్లో పొయ్యి వెలగాలంటే షెడ్డు కూలే దిక్కు. రేపు పొద్దుటి షిఫ్టుకు టిఫిన్ డబ్బా కడిగి బోర్లించాను. బాపు చూసి తల దించుకున్నాడు.