లంఖణానికి లొంగని పురుగు

చిరంజీవి తమ్ముడు సూర్యానికి ఖరగపురం నుంచి అప్ప దీవించి రాయిస్తున్నది. ఇక్కడ మేం బాగానే ఉన్నాం. అక్కడ మరదలూ పిల్లలూ, గొడ్డూ గోదా కులాసా అని తలుస్తాను. నేను చెబుతుంటే రాస్తున్నది నీ కూతురే, నా కోడలు పైడమ్మ. అది ఎలా ఉందో దాని చేతిరాతలోనే చూసుకో.

ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో వానలు పట్టుకున్నాయి. బట్టలు ఆరడం లేదు, ఆరినవాటి మీద ఇంజను మసి. నీ అల్లుడు రైల్వే వర్క్‌షాపు కూతకి వెళ్లి, మళ్లీ కూతకే వస్తాడు. దీనికి క్షయ అని తెలిసినప్పటి నుంచి పక్కింటి వాళ్లు మా గడప తొక్కరు. పొద్దంతా నేనూ, ఇదీ. అయినా బాగానే ఉన్నాం.

నీ ఉత్తరం చదివించుకున్నాను. దగ్గు తగ్గింది గనక సూదులు, మాత్రలు మానిపించి పంపమన్నావు. లంఖణాలు పెట్టి పురుగును ఆకలితో మాడ్చి చంపుతానన్నావు. పంపను. ఈ మాట దగ్గర దీని కలం ఆగింది.

"రాయే" అన్నాను.

"రాస్తన్నానత్తా, మా అయ్యకి కోపమొస్తదని."

"రానీ. వాడి కోపం నా సంకలో పెరిగిందే!"

ఎందుకు పంపనో విను. నీ మాటే నేను డాక్టరును అడిగాను. బెంగాలీ బాబు, నన్ను మాసీ అంటాడు, పిన్నీ అని. "ఏటి బాబూ, కూడు కట్టేత్తే ఆ పురుగు మాడి సావదా?" అన్నాను.

"మాసీ, అది నీ కోడలి కంచంలో తినడం లేదు. ఒంట్లో పురుగుల్ని మింగే కణాలుంటాయి. ఇది ఆ కణంలోనే చావకుండా కాపురం పెట్టింది. బయట తీపి తినేది, లోపల కొవ్వు తింటుంది. ఏ తిండిని ఎలా అరిగించుకోవాలో దాని పుట్టుకలోనే రాసుంది. దొరికినదానికి తగిన రాత తెరిచి, అక్కర్లేనిది మూసేస్తుంది."

"మూసింది మర్సిపోదా?"

"మర్చిపోదు. తిండి మారితే మళ్లీ తెరుస్తుంది. ఏమీ దొరక్కపోతే పొయ్యి తగ్గించుకుని నక్కి కూర్చుంటుంది."

"దొంగముండ!" అన్నాను.

కానీ తమ్ముడూ, నేను మాత్రం ఏం చేశాను? ఇక్కడికి వచ్చిన కొత్తలో చోడి అంబలి లేదని చచ్చిపోయానా? వీళ్ల బొరుగులకి అలవాటు పడ్డాను. అలాగని అంబలి కాచడం మర్చిపోయానా?

మన అమ్మ జ్వరాలకి లంఖణం పెట్టేది, కాదనను. ఈ జబ్బుకి పెడితే ముందు మాడేది నీ కూతురు. దగ్గు ఆగిందంటే పురుగు పోయినట్టు కాదు. మందు మానితే లేస్తుంది. డాక్టరు చాలన్న రోజున నేనే దీన్ని వెంటబెట్టుకొస్తాను. అంతవరకూ దీన్ని తీసుకెళ్లడానికి ఎవరూ రావద్దు, పిలవద్దు.

పనుల మీద ఇటు వచ్చేవాళ్ల చేత కాస్త చోడి పిండి, కొత్త చింతపండు పంపించు. పెద్దమ్మకి నా దండాలు, పిల్లలకి దీవెనలు. మా కోసం పైడితల్లి అమ్మవారికి మొక్కు, కానీ ఉపవాస మొక్కు వద్దు.

ఇంకా చెప్పాలనుంది గానీ, నీ కూతురు కలం పక్కన పెట్టి "అత్తా, ఆకలేస్తంది" అంటోంది. చాన్నాళ్లకి తనంతట తాను అడిగింది. వడ్డించడానికి లేస్తున్నాను.

ఇట్లు,
నీ అప్ప అప్పలనరసమ్మ వేలిముద్ర