మిద్దెతోట లిస్టులో మర్యాద పాలన

ఈ డైరీ చదవబోయే భావితరాలకు సాష్టాంగపడి క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఒక మహా పరిపాలకుడి దినచర్య ఇంత వినయంగా ఉండకూడదు. నా గొప్పతనాన్ని బాగా తగ్గించి రాశాను. మన్నించాలి.

సోమవారం, ఉదయం
పిన్ని కంటికి ఆపరేషన్ అయింది. కట్టు విప్పేదాకా తెర వైపు చూడకూడదు. ఆవిడ నడిపే మిద్దెతోటల మెయిలింగ్ లిస్టుకు ఇవాళ్టి నుంచి నేనే మోడరేటర్‌ని. నేను సరేనంటేనే ఎవరి మెయిలైనా అందరికీ వెళ్తుంది. దిద్దే అధికారం కూడా నాదే.
“ఒక్క మనిషి తగ్గినా ఊరుకోను. వాళ్ళే నా కాలక్షేపంరా,” అంది పిన్ని.
తీర్మానం: పరుషమైన మాట పొరపాటున కూడా కనిపించదు. అందరూ మీరు, అందరూ గారు.

సాయంత్రం
అల్లరిమూకను పట్టేశాను. మూకంటే ఇద్దరే. రిటైరైన వకీలు, పళ్ళ డాక్టరు. చిన్నప్పుడు ఒకే బెంచీ. గులాబీకి గుడ్డు పెంకులు వేయాలా వద్దా అని రోజూ రభస.
వకీలు రాసింది: “ఒరేయ్ మొద్దూ, పెంకులేస్తే మొక్క ఆమ్లెట్ కాస్తుందా?”
నేను పంపింది: “డాక్టరు గారూ, తమరితో సవినయంగా విభేదిస్తున్నాను.”
చదువుకుంటే కళ్ళు చెమర్చాయి. నావే.

మంగళవారం
డాక్టరు నుంచి ఉలుకూ పలుకూ లేదు. శాంతి.
వకీలు: “ఏరా, నోట్లో దూది కుక్కుకున్నావా?”
దిద్దాక: “తమరి ఆరోగ్యం కుశలమేనా?”

బుధవారం
డాక్టరు నాకు విడిగా రాశాడు. “వాడు నన్ను గారు అన్నాడు బాబూ. మా మామగారి ముందు కూడా అనలేదు. అంత పరాయివాణ్ణి అయిపోయానా? నా పేరు తీసెయ్.”
తీయలేదు. సంస్కర్తలకు ఇలాంటివి మామూలే.

గురువారం
వకీలు ఫోను. “వాడు పలకడం లేదు. ఇక ఎవర్ని తిట్టను? నన్నూ తీసెయ్.”
ఇంకో సభ్యుడు: “పోట్లాట మళ్ళీ ఎప్పుడండీ? టీ పెట్టుకుని కూర్చున్నా.”
ఆపైన బాబాయి ఫోను. “మెయిళ్ళు చదివి వినిపిస్తున్నానురా. వాళ్ళిద్దరూ అంత మర్యాదగా ఉన్నారంటే ఒకడికి ఏదో అయ్యుంటుందని మీ పిన్ని ఒకటే ఏడుపు. కంట్లో తడి తగిలితే కుట్లు ఊడతాయంటున్నారు. ఏదో ఒకటి చెయ్.”

శుక్రవారం
చిన్న సవరణ. ‘ఒరేయ్’ అనుమతించడమైనది. ఇది ఓటమి కాదు, ఉదారత.
పదింటికి: ‘మొద్దు’ కూడా.
మధ్యాహ్నం: పశువుల్లో గాడిద దాకా సరే.
ఒక్కరూ రాయలేదు. వకీలుకు ఫోన్ చేసి బతిమాలాను. “నాలుగు తిట్లు పంపండి అంకుల్.”
“మనసు లేదు బాబూ,” అన్నాడు.

శనివారం
లిస్టు భగ్గుమంది. వకీలు పేరుతో ఒక మెయిల్: “ఒరేయ్ పళ్ళు పీకే గాడిదా, పెంకుల సంగతి తేల్చకుండా పారిపోతావా? సిగ్గుందా?”
నిమిషాల్లో డాక్టరు ప్రత్యక్షం. “నీకు లేని సిగ్గు నాకెక్కడిదిరా దున్నపోతా. రా, తేల్చుకుందాం.” కింద పెంకుల ఫోటోలు, ఒకదాని వెంట ఒకటి.
పిన్ని పకపకా నవ్విందట. కుట్లు భద్రం.
వకీలు ఫోను. “అది ఎప్పుడు రాశానో గుర్తు రావట్లేదు గానీ, బాబూ, భలే రాశాను కదూ?”

ఆదివారం
కొత్త తీర్మానం: రేపట్నుంచి ఎవరి మెయిల్లోనూ వేలు పెట్టను. ఒట్టు.
ఈ వారమంతా లిస్టు కోసం నేను నిజంగా చేసిన పని ఒకటే. ఆ గాడిద మెయిల్ రాసింది నేను.