ముప్పయ్యో కిలోమీటరు దగ్గర ఆగిన మనిషి అర్హత గురించి

కప్తెరెన్ కౌంటీ (కెన్యా) క్రీడాధికారి శ్రీ జోనా తలామ్ గారి సముఖమునకు,
అదే కౌంటీ కాపురస్తుడు ఎజ్రా కిబోర్, బి.ఏ. (చరిత్ర, మూడో ప్రయత్నంలో) వ్రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: ఈ శనివారం జరుగు మహిళల మారథాన్ ఎంపిక పోటీ జాబితాలో సలీనా జెబివోట్ పేరు కొట్టివేయుట, మరియు దానిని మర్యాదగా తిరిగి వ్రాయవలసిన అవసరము గురించి.

మంగళవారం ఉదయం నేనూ పై జెబివోట్ గారూ తమ కార్యాలయమునకు వచ్చిన సంగతి తమకు జ్ఞాపకం ఉండకపోవచ్చును. మేము నిలబడి ఉంటిమి, తమరు టీ తాగుచుంటిరి. కావున జరిగినది వరుసగా మనవి చేసుకొనుచున్నాను.

1. తమరు రిజిస్టరు తిరగేసి, "ఏమ్మా, పదకొండు పోటీలు. పదకొండూ మధ్యలో వదిలేశావు. మొదలుపెట్టింది పూర్తి చేసే అలవాటే లేదా నీకు?" అని అడిగిరి. ఆమె, "సార్, అదే నా పని" అన్నది. "మధ్యలో మానెయ్యడం కూడా ఒక పనేనా? అయితే మా ఆఫీసులో చేరిపో!" అని తమరు నవ్విరి. గుమస్తా గారు తమకంటే ఒక క్షణం ముందే నవ్వుట మొదలుపెట్టిరి. పిమ్మట, మూడు మారథాన్‌లైనా పూర్తి చేయనివారు అనర్హులని చెప్పి తమరు పేరు కొట్టివేసిరి.

2. ఈ కౌంటీలో పాలు మరిచిన పిల్లలకు కూడా తెలిసిన సంగతిని క్రీడాధికారి గారికి వ్రాతపూర్వకముగా తెలియజేయవలసి వచ్చినందుకు సిగ్గుపడుచున్నాను. మారథాన్ అనగా నలభై రెండు కిలోమీటర్లు. పెద్ద పోటీలలో ముందు పరిగెత్తి వెనుకవారికి వేగం పట్టించుటకు ఒక మనిషిని నిర్వాహకులే పిలిచి పెట్టుకుంటారు. ఆ మనిషిని మేము కుందేలు అంటాము. కుందేలు ఎదురుగాలి అంతా తన ముఖానికే తగిలించుకొని, కిలోమీటరు మూడు నిమిషాల ఇరవై సెకన్లు చొప్పున ముప్పై కిలోమీటర్లు జనాన్ని లాక్కొచ్చి, పక్కకు తప్పుకోవలెను. తప్పుకోకపోతేనే తప్పు. జెబివోట్ గారు ప్రాగ్‌లో, హాంబర్గ్‌లో, ఇంకా నేను పలకలేని ఊళ్లలో పదకొండుసార్లు చెప్పిన చోట తప్పుకున్నారు. ఆమె వెనుక వచ్చినవారిలో మన కౌంటీ ఆడపిల్లలు ఆరుగురు గెలిచిరి. ఆ ఆరుగురి ఫోటోలూ తమ కుర్చీ వెనుక గోడకు ఉన్నవి. మూడో ఫోటోలో ఎడమ అంచున ఒక మోచేయి కనబడును. అది ఆమెదే.

తమ గుమస్తా గారు తమ నవ్వుకు కుందేలు అని ఇప్పుడు తమకు అర్థమై ఉండవచ్చును.

3. గెలిచి వచ్చినవారికి విమానాశ్రయంలోనే సొరబుర్రలోని పులిసిన పాలు తాగించుట మన ఆచారము. తమరు కూడా ప్రతిసారీ వెళ్లి, ఫోటోలో పడునట్లుగా బుర్ర పట్టుకొందురు. జెబివోట్ గారు ఆ సమయంలో వెనుక నిలబడి, గెలిచినవారి సంచులు మోయుచుందురు. ఆమె తల్లి మాత్రం ఇంట్లో ప్రతిసారీ ఒక బుర్రకు బొగ్గు పట్టించి, పాలు పోసి, పులియబెట్టి కూర్చుంటుంది. కూతురు గుమ్మంలోకి రాగానే మొదలు.

"గెలిచావా?"

"లేదమ్మా. ఆగమన్నారు, ఆగాను."

"ఎవరు ఆగమంది?"

"పిలిచినవాళ్లే."

"అంత తెలిసినవాళ్లయితే వాళ్లనే పరిగెత్తమనకపోయావా!"

ఆ పాలను ఆమె కూతురికి పోయదు. గెలిచినవారి పాలు గెలవనివారికి పోస్తే మంచిది కాదట. పక్కింటివాడిని గనుక పదకొండు బుర్రలూ నాకే పోసింది. నేను గెలిచినది ఏమీ లేదని మనవి.

4. ఇది సొంత విషయము. చదవకపోయినా ఫరవాలేదు.

బి.ఏ. రెండోసారి తప్పినప్పుడు నేను ఇంటికి వచ్చి గోడవైపు తిరిగి పడుకుంటిని. తొమ్మిదో రోజున జెబివోట్ అక్క వచ్చి దుప్పటి లాగేసింది.

"లేరా. నీ బూట్లేవి?"

"నావల్ల కాదక్కా."

"నీవల్ల అవుతుందని ఎవరన్నారు? ఆ నీలగిరి చెట్ల దాకా నా వెనకాల రా. అక్కడ నేను తప్పుకుంటా. ఆ పైన నువ్వొక్కడివే పో."

రెండు నెలలు అదే పని. చెట్ల దగ్గర నడుముకు చేతులు పెట్టుకొని ఆమె ఆగిపోయేది. నేను వెనక్కి తిరిగితే, "నన్ను చూస్తావేంట్రా వెధవా, దారి చూడు!" అని ఊరంతా వినపడేలా అరిచేది. మూడోసారి పరీక్షలో నాలుగో ప్రశ్న దగ్గర లేచిపోదామని కలం మూసితిని. ఆ అరుపు గుర్తొచ్చి మళ్లీ తెరిచితిని. తమ గోడమీది ఆరుగురూ తమకు వీరులైతే తీసుకోండి. నాకు ఆ మోచేయి చాలును.

ఆమెకు ముప్పై ఏడేళ్లు. మోకాలు ఈ ఏడాది దాకానే అని డాక్టరు చెప్పినాడు. మంగళవారం తమ మెట్లు దిగుతూ ఆమె అన్న మాట యథాతథముగా: "పోటీలో ముప్పై తర్వాత రోడ్డు ఎట్లా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదురా." దీనికి జవాబు ఏ నిబంధన కింద ఉన్నదో తమరే చెప్పవలెను.

5. స్టేడియం పైకప్పు, స్టేడియం మరుగుదొడ్డి తలుపు, ఆటగాళ్ల బసలో రెండో అంతస్తు: ఈ మూడూ తమ హయాంలో మొదలై మధ్యలో ఆగినవి. ఇవి ఏ నిర్వాహకులు ఆగమన్నందున ఆగినవో తెలియజేయ ప్రార్థన. ముఖ్యముగా తలుపు.

కావున శుక్రవారం సాయంత్రం లోపల సదరు పేరు జాబితాలో తిరిగి చేర్చవలెనని కోరుచున్నాను. టీ చల్లారేలోగా చిత్తగించవలెను.

ఇట్లు
ఈ ఒక్క కాగితం మట్టుకు
తమ విధేయుడు,
ఎజ్రా కిబోర్

తా.క. శుక్రవారం సాయంత్రం. దీనిని జెబివోట్ గారి ఇంటి అరుగుపై కూర్చొని కవరులో పెట్టుచుండగా తమ గుమస్తా గారు మోటారు సైకిలుపై వచ్చి, తమ సంతకంతో ఒక ఉత్తర్వూ, ఒక నంబరు గుడ్డా ఇచ్చి పోయిరి. రేపటి పోటీకి జెబివోట్ గారిని కుందేలుగా నియమించితిరట! పరిగెత్తుటకు పనికిరాని మనిషి, పరిగెత్తించుటకు పనికివచ్చినది.

ఉత్తర్వు నాలుగుసార్లు చదివితిని. ఎక్కడ మొదలుపెట్టవలెనో ఉన్నది. ఏ వేగమో ఉన్నది. ఎక్కడ ఆగవలెనో తమరు వ్రాయలేదు. నంబరుతో చివరి గీత దాటిన ప్రతివారినీ లెక్కలోకి తీసుకోవలెనని తమ నిబంధనల పద్నాలుగో పేజీలో ఉన్నది.

"అక్కా, ఆగమని లేదే" అన్నాను.

"సరిగ్గా చూడరా."

"చూశాను."

కాగితం లాక్కొని తానూ చదివింది. బూట్లు తీసుకొని కడగడానికి పెరట్లోకి పోయింది.

ఈ అర్జీని తమ గుమ్మం పక్కనున్న పెట్టెలో ఇప్పుడే వేయుచున్నాను. సోమవారం గాని పెట్టె తెరవబడదని దానిమీద వ్రాసి ఉన్నది. తొందరేమీ లేదు.