ఏడు గంటల లెక్క

బోయిగూడ,
శనివారం.

సైలస్ బావగారికి వందనాలు.

చర్చి కార్యదర్శిగా మీరు వాచ్‌మన్ జకర్యాకి ఇవ్వబోతున్న నోటీసు ఆపమని రాస్తున్నాను. నిన్న చర్చి కరెంటు మెయిన్ ఆపింది అతనే. తప్పు మాత్రం నాది.

క్వయిర్ పాటల పాత డిస్కు మొత్తం ఏడు గంటల్లో ఇంటర్నెట్‌లోకి ఎక్కేస్తుందని జకర్యాకి చెప్పి, పొద్దున పదకొండుకి చర్చి కంప్యూటర్‌కి పెట్టి వచ్చాను. సరిగ్గా ఆరుకి ఫోన్ చేశాడు. "సార్, మీరన్న ఏడు గంటలైపోయినయ్. మెయిన్ బంద్ చేసి తాళమేస్తున్న" అన్నాడు. వెయ్యమన్నాను. ఈ మాట కమిటీలో చెప్పలేకపోయాను.

టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ముప్పై ఏళ్ళు లైను వేగాన్ని బిట్లలోనే కొలిచినవాణ్ణి. డిస్కు మీద రాసింది బైట్ల లెక్క. ఒక బైటంటే ఎనిమిది బిట్లు. ఆ ఎనిమిదితో హెచ్చవేయకుండా నోటికొచ్చిన లెక్క చెప్పేశాను. పట్టేది ఏడు గంటలు కాదు, యాభై ఆరు.

మధ్యలో ఆగిపోవడంతో మళ్ళీ మొదటి నుంచీ ఎక్కించాలి. ఇవాళ వేసి చూస్తే డిస్కు టకటకమంటోంది. ఇంకోసారి మధ్యలో కరెంటు పోతే మళ్ళీ తిరుగుతుందన్న నమ్మకం లేదు. అక్క పోయాక ఆమె గొంతు అందులో తప్ప ఇంకెక్కడా లేదు. అది మీకు నేను చెప్పక్కర్లేదు.

సోమవారం ఉదయం ఎనిమిది నుంచి బుధవారం సాయంత్రం నాలుగు దాకా మెయిన్ ఎవరూ ముట్టుకోకూడదని బోర్డు మీద రాయించండి. ఇన్వర్టర్ మా ఇంటి నుంచి తెస్తాను. తాళంచెవులు జకర్యా దగ్గరే ఉండనివ్వండి.

ఏడు గంటలని చెప్పింది నేను. ఈసారి ఆ ఏడూ, మిగతా నలభై తొమ్మిది గంటలూ దాని పక్కన కూర్చునేదీ నేనే.

మీ బావమరిది